బుల్లిరాజు నవ్విన వేసవి

దెందులూరుకి దిగువన, కొల్లేరు వైపు వెళ్లే దారిలో, చేపల చెరువుల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు వాళ్లది. ఆ ఊళ్లో బుల్లిరాజు నవ్వగా చూసినవాళ్లు లేరు. అలాగని చెడ్డవాడు కాదు, కోపిష్ఠీ కాదు. ఒకరి జోలికి పోడు, ఒకరిని తన జోలికి రానివ్వడు. చెరువుల్లో చేపలకు మేత వేయడం ఆయన పని. తెల్లారేసరికి తవుడు బస్తాలు పడవలోకి ఎక్కించుకుని వెళ్లి, ఎండ ముదిరాక ఇంటికొచ్చి, పెట్టింది తిని, వసారాలో మంచం మీద నడుం వాలుస్తాడు. అంతే.

పెళ్లయిన కొత్తలో వీరరాఘవమ్మ ఆ మౌనానికి దొంగచాటుగా ఏడ్చేది. పోనుపోనూ అలవాటుపడింది. దగ్గితే మంచినీళ్లు. కండువా దులిపితే బయటికి బయల్దేరుతున్నట్టు. కూతురు పద్మప్రియ పుట్టినప్పుడు కూడా ఆయన ఉయ్యాల పక్కన కాసేపు నిలబడి, తల ఊపి, పనిలోకి వెళ్లిపోయాడు. ఆ పిల్లకి పెళ్లయి తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టింది. ఆయనకి అరవై దాటాయి. మనిషి మాత్రం మారలేదు.

కిందటేడు మే నెలలో వీరరాఘవమ్మ కళ్లు చూపించుకోవడానికి ఇద్దరూ ఏలూరు వెళ్లారు. తిరిగొస్తూ దెందులూరులో బస్సు దిగితే రోడ్డు పక్కన ఒకతను తాటికాయలు చెక్కి ముంజలు అమ్ముతున్నాడు. ఎండకి నోరు పిడచకట్టుకుపోయి ఉందేమో, ఇద్దరూ అక్కడే నీడన కూర్చున్నారు. బుల్లిరాజు ముంజల్ని బొటనవేలితో పెకలించి, నీళ్లు కారకుండా జుర్రుకుని, ఖాళీ బుర్రల్ని చేతిలో తిప్పుతూ చాలాసేపు చూశాడు. తర్వాత సరిజోడుగా ఉన్న రెండిటిని ఏరి సంచిలో వేసుకున్నాడు. గేదెకి కాబోలనుకుంది ఆమె.

మర్నాడు సాయంత్రం ఆమె వంటింట్లో ఉండగా వాకిట్లో ఎవరో నవ్వారు. ఆ గొంతు ఆమెకి కొత్త. ఎవరో చుట్టాలొచ్చారనుకుని కొంగు సర్దుకుని, చెంబుతో మంచినీళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చుట్టాలెవరూ లేరు. రెండు బుర్రలకీ మధ్యన పుల్ల గుచ్చి బండి చేసి, పంగల కర్రతో దాన్ని తోస్తూ, వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి ఆయన పరుగెడుతున్నాడు. గోడ దగ్గర బండి బోల్తాపడితే మళ్లీ నవ్వాడు. ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన నోరు తెరిచాడు. అన్నం తింటూ చెప్పేవాడు. వాళ్ల నాన్న తాటిచెట్టు ఎక్కితే ఊరు ఊరంతా తలెత్తి చూసేదట. తనకి తొమ్మిదేళ్లప్పుడు ఆ నాన్నే ఇలాంటి బండి చేసిపెట్టాడట. దాన్ని తోసుకుంటూ కొల్లేటి గట్టున పరుగెడితే కొంగలన్నీ ఒక్కసారిగా లేచేవట. ఇన్నేళ్ల కాపురంలో ఆమె వినని మాటలన్నీ ఆ కొద్దిరోజుల్లో విన్నది. ఒక్క చోట మాత్రం కథ ఆగిపోయేది. "ఆ ఏడే మా నాన్న పోయాడు," అని చెయ్యి కడుక్కునేవాడు.

వినడానికి ఎంతో బాగుండేది. కానీ ఆమెకి ముద్ద దిగేది కాదు.

కారణం ఉంది. ఆమె తండ్రి పరమ పిసినారి. పెరట్లో జామకాయ మీద పిల్లలు చెయ్యేస్తే కర్ర పట్టుకుని వీధి చివరిదాకా తరిమేవాడు. అలాంటివాడు ఒక పొద్దున పిల్లలందరినీ పిలిచి, బుట్టెడు కాయలు పంచిపెట్టి, వాళ్లు తింటుంటే చూసి మురిసిపోయాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మర్నాడు భోజనానికి కూర్చున్న మనిషి పీట మీంచి లేవలేదు. పోయేవాళ్లకి ముందుగా గుణం మారుతుందని పెద్దలు ఊరికే అనలేదని ఆమెకి అప్పుడే తెలిసింది.

పక్కింటి నాగరత్నం కూడా ఆ మాటే పట్టుకొచ్చింది. పిట్టగోడ మీద చేతులు ఆనించి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి, "వదినగారూ, మీకు చెప్పేంతదాన్ని కాదుగానీ, అన్నయ్యగారిని కాస్త కనిపెట్టుకుని ఉండండి," అంది.

ఇక ఆయన చేసే ప్రతి మంచి పనీ ఆమెకి వీడ్కోలులాగే కనబడసాగింది. ఏనాడూ ఇది కావాలని అడగని మనిషి పనసపొట్టు కూర చెయ్యమన్నాడు. చివరి కోరికేమోననుకుంటూనే ఆమె ఆవ పెట్టింది. ఏళ్ల తరబడి మాటల్లేని చెల్లెల్ని చూడ్డానికి ఉండి అనే ఊరు వెళ్లి, రోజంతా గడిపి, తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చాడు. "చూసొచ్చేశాను," అన్నాడు. ఆమెకి అది ఆఖరి చూపన్నట్టు వినబడింది. తర్వాత పద్మప్రియ ఫోను చేసింది. "నాన్న ఫోన్ చేసేరమ్మా. ఎందుకండీ అంటే ఊరికేనన్నారు. ఒంట్లో బాగానే ఉందా?" అంటున్నప్పుడు కూతురి గొంతులోనూ సంతోషం లేదు.

ఆ ఎండలు కూడా అలాగే ఉన్నాయి. ఆకు కదలదు. ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. గాలి లేక చెరువుల్లో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకునేవి. పక్క చెరువు ఒక పొద్దుటికల్లా చచ్చిన చేపలతో తెల్లగా తేలింది. గద్దలు దిగాయి. వాసన ఇళ్లలోకొచ్చి అన్నానికి పట్టుకుంది. ఆ గట్టు మీదే, ఆ వాసనలోనే, చొక్కా లేకుండా బండి తోసుకుంటూ వస్తున్న భర్తని చూడలేక ఆమె మొహం తిప్పుకుంది.

ఒళ్లు నొప్పులని అబద్ధమాడి తోడు రమ్మని ఏలూరు తీసుకెళ్లి, ఆయన్నే డాక్టరుకి చూపించింది. అంతా బాగుందన్నారు. తన తండ్రికి కూడా ఏ జబ్బూ లేదు కదా అనుకుంది. మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఎదురొమ్ము పైకి లేస్తోందో లేదో చూసేది. కాస్త ఆలస్యమైతే చెయ్యి వేసి చూసేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె చూపు మంచం కింద ఉన్న బండి మీద పడింది. బుర్రలు ఎండి నల్లబడి ముడతలుపడ్డాయి. ఇదంతా దానితోనే మొదలైంది. అది పోతే పాత మనిషి తిరిగొస్తాడు, పాత మనిషికైతే ఇప్పట్లో చావు లేదు అనిపించింది. చప్పుడు కాకుండా తీసుకెళ్లి పెరట్లో నీళ్లపొయ్యిలో పెట్టింది. ఎండిన పీచు కదా, భగ్గున అంటుకుంది.

పొగ వాసనకి ఆయన లేచి వచ్చాడు. పొయ్యిలోకి చూశాడు. పంగల కర్ర ఇంకా సగం కాలుతోంది.

"నువ్వేనా?"

"నేనేనండి. భయమేసిందండి. మీరిలా ఉంటే మా నాన్న గుర్తొచ్చేడు. మీరూ పోతారేమోనని."

ఆయన పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. మంట వైపే చూస్తూ చెప్పాడు. "మా నాన్న పోయిన రోజున మా అమ్మ కూడా ఇలాగే పొయ్యిలో పెట్టింది. ఆ బండి ఇంట్లోకి వచ్చిన వేళే మంచిది కాదంది. దాన్ని తోసుకుంటూ తిరిగి నేనే చావుని తీసుకొచ్చేనంది."

ఇంకొకటి చేసుకుందురుగాని అంది వీరరాఘవమ్మ. అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, కండువా దులుపుకుని చెరువు మీదికి వెళ్లిపోయాడు.

ఆయనకేమీ కాలేదు. గండమన్నది లేదో, ఉండి తప్పుకుపోయిందో ఎవరికి తెలుసు? తొలకరి పడింది, చెరువుల్లో కొత్త నీరొచ్చింది, చేపలు కుదుటపడ్డాయి. నాగరత్నం దేవుడు చల్లగా చూశాడంది. అన్నం దగ్గర మళ్లీ మాటల్లేవు. ఆమె తనకై తాను కొల్లేటి గట్టు సంగతీ, కొంగల సంగతీ ఎత్తేది. ఆయన ఊఁ అనేవాడు. చెల్లెలు తన ఊరి నుంచి కబురుపెడితే వెళ్లలేదు. పద్మప్రియకి మళ్లీ ఫోను చేయలేదు. మధ్యాహ్నం పక్కన కూర్చుంటే ఎదురొమ్ము తప్పకుండా లేస్తూ ఉండేది. ఇప్పుడు ఆమెకి దాన్ని చూస్తేనే భయం. ఇంకెన్నేళ్లయినా ఇలాగే లేస్తుంది, ఇలాగే దిగుతుంది.

ఈ వేసవిలో ముంజలు రాగానే ఆమె ఒక్కతే దెందులూరు వెళ్లి గెల తెచ్చింది. అమ్మే అతని దగ్గర నిలబడి కాయలు సరిజోడుగా ఉండేలా చూసుకుంది. వసారాలో కూర్చుని ఆయన అన్నీ తిన్నాడు. బాగున్నాయన్నాడు కూడా.

"ఏవండీ, రెండు బుర్రలు ఉంచండి," అంది.

"ఎందుకే?" అన్నాడు. నిజంగానే తెలియనట్టు అడిగాడు.

ఆమె చెప్పేలోపే బుర్రలన్నీ పోగుచేసి తీసుకెళ్లి గేదె ముందు పోసి, స్నానానికి వెళ్లాడు. గేదె ఒక్కొక్కటే నోట కరుచుకుని నింపాదిగా నమలసాగింది. వీరరాఘవమ్మ అది తినడం అయ్యేదాకా అక్కడే నిలబడి ఉంది.