కల్పాంగ్ లోయలో రెండు వేల ఏళ్ళ దాక

అండమాన్ చరిత్రను ఒక్క మధ్యాహ్నంలో రెండు వేల ఏళ్ళు వెనక్కి నెట్టిన మహానుభావుణ్ణి నేను. ఆ నెట్టుడుకి మా ఇంటి ఏడాది తిండిగింజలు ఏట్లో కలిసిపోబోయాయి. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి గాని జాలిపడకండి.

మా నాన్న సోంపేట వైపు సముద్రం మనిషి. ఓడ దిగాక డిగ్లీపూర్ దగ్గర, కల్పాంగ్ ఏటి లోయలో సర్కారు ఇంత అడవి చూపించి, నరికి పండించుకోమంది. వల విసిరే చేతికి నాగలి ఇస్తే ఏమవుతుంది? ఆయన దున్నిన చాళ్ళు అలల్లా ఒంకర్లు పోయాయని పక్క పొలం బెంగాలీ దాదా జీవితాంతం చెప్పుకుని మురిసిపోయాడు. అమ్మ మాత్రం ఒళ్ళో ఒక మట్టి దాక పెట్టుకుని ఓడ దిగింది. చేపల పులుసుకని వాళ్ళమ్మ ఇచ్చినది, అంచు కింద వరసగా గోటితో నొక్కిన గాట్లున్నది. మా వైపు కుమ్మరి లేని రోజులు గనక ఇంట్లో ఆ దాకకి నాకంటే మర్యాద ఎక్కువ. నా చిన్నప్పుడే అడవిపంది ఒకటి వంటపాకలో జొరబడి దాన్ని తన్ని పగలగొట్టేసింది. కొన్నేళ్ళకి అమ్మ కూడా వెళ్ళిపోయింది.

నాకు మీసాలు మొలిచిన కొత్తలో, వానలకి కాస్త ముందు, మెయిన్‌లాండ్ నుంచి తవ్వకాల వాళ్ళొచ్చారు. ఈ లోయ ఎప్పుడు అడవి, ఎప్పుడు పొలం, అంతకుముందు ఏమిటి అన్నది మట్టిని అడిగి తెలుసుకోవడం వాళ్ళ పని. దాదా పొలం చివర గోతిని కేకు కోసినట్టు నున్నగా కోశారు. వాళ్ళ పెద్ద, కళ్ళద్దాల సాబ్, గోతి గోడను నాకు వేలితో చూపించాడు. పైన వరిమడి బురద. దాని కింద వేలెడు మందాన నల్లటి గీత, మనవాళ్ళు అడవిని కాల్చినప్పటిది. దాని కింద ఎర్రటి అడవి మట్టి. అట్టడుగున గుల్లలు, ఎప్పుడో ఎవరో తిని పారేసి వెళ్ళినవి.

ఆ గుల్లలు దోసిట్లో పట్టుకుని దాదా ఫోటో దిగాడు. నా కడుపు కుంపటి అయింది.

మర్నాడు మా గట్టుకి ఎండ్రకాయ పెట్టిన బొరియ పూడుస్తుంటే మసిబారిన కుండపెంకు చేతికి తగిలింది. తీసుకుని సాబ్ దగ్గరికి ఉరికాను. ఎక్కడ దొరికిందన్నాడు. నల్ల గీత కిందన్నాను. నోరు నాదే కదండీ, మట్టిది కాదు కదా.

సాబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అడవి మట్టిలో వంటపాత్ర ఉందంటే, ఈ అడవికి ముందే ఇక్కడ కాపురాలున్నాయన్నమాట, లోయ కథంతా తిరగరాయాలన్నాడు. నా భుజం తట్టి, "భయ్యా, ఇధర్ అభీ హల్ నహీ చలేగా" అన్నాడు. మా పొలంలో నాగలి ఆపమని. తవ్వకం అయ్యేదాకా ఊడుపులు లేవని.

నారు సిద్ధంగా ఉంది. మబ్బు దిగుతోంది. ఆ పంట పోతే ఏడాదంతా పస్తే. సంగతి విని నాన్న నింపాదిగా చుట్ట ఆర్పి అడిగాడు: "నారు ముదిరిపోతే సరిత్ర ఒండుకుని తిందువేటిరా?"

కడిగి తెస్తానని సాబ్‌కి చెప్పి పెంకును ఏటికి తీసుకెళ్ళి కడిగాను. బురద వదిలింది. అంచు కింద గోటి గాట్లు. నా బొటనవేలి గోరు ఒక గాటులో పెట్టాను. సరిగ్గా ఇమిడింది. రెండు వేల ఏళ్ళన్నానా? సాగదీశాను. ఇరవై కూడా నిండని పెంకు. అమ్మ దాక.

పరుగెత్తుకెళ్ళి సాబ్ కాళ్ళ దగ్గర నిజం కక్కేశాను. ఆయన తిట్టలేదు. పెంకు నా చేతిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. వాన పడకముందే నాగలి కదిలింది. నేను మాత్రం ఆ గోతి దగ్గరే కూర్చుండిపోయాను. ఆ నల్ల గీత రాజుకున్నప్పుడు అమ్మ పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఈ దాకలోనే పులుసు కాచి ఉంటుంది. ఆవిడ పడుచుతనమంతా మట్టిలో వేలెడు మందం. మీద వరి పండుతూనే ఉంది. ఆ పులుసు మాత్రం మళ్ళీ ఎక్కడా తగల్లేదు. నాలిక ఇప్పటికీ వెతుకుతోంది.

అందుచేత కల్పాంగ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ పెంకు దొరికినా, అది మా వంటింటిది కాదని తేలేదాకా దానికి వయసు కట్టను.

ఇదంతా మొన్న పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి, డైరీ ఫార్మ్ పేటలో ఉండే మా అప్ప, అంటే మా అక్క, నూకాలమ్మకి చదివి వినిపించాను. చేపలు తోముతూ విన్నది. తల ఎత్తలేదు.

"నువ్వేటి పరిగెట్టినావు? గట్టు మీద కొయ్యలాగ నిలబడిపోనావు. పెంకు కడిగింది నాను, సాబ్ కాడికెల్లి సెప్పింది నాను."

సరే, ఆ ముక్క మారుస్తానన్నాను.

"పంది ముక్క కూడా మార్సు. దాక పగలగొట్టింది నువ్వే. నాన్న సూస్తే నీ ఈపు సీరేస్తాడని అమ్మ ఆ పెంకులట్టుకెల్లి ఎండ్రకాయ బొక్కలో కుక్కీసింది." చేప తిరగేసి రెండో పక్క తోమింది. "పంది కత నాన్న కోసం కట్టిందిరా. నువ్వెందుకు నమ్మీసినావు?"