జెనెబెచ్ అక్క కొట్టేసిన ఇంటిపేరు

జెనెబెచ్ అక్కకి కోపమొస్తే ఆమె కీబోర్డు మోత కింది అంతస్తులో బ్యూటీ పార్లర్ దాకా వినిపిస్తుంది. ఆ వారం పార్లర్ వాళ్ళు రెండుసార్లు పైకొచ్చి చూసిపోయారు.

అడిస్ అబాబాలోని మా ఆఫీసులో అక్క పదకొండేళ్లుగా ఆసుపత్రులకి ప్రోగ్రాములు రాస్తోంది. కోడులో దేన్ని ఏ పేరుతో పిలవాలో చెప్పే రూల్సు పుస్తకం మాకు విదేశీ కంపెనీ నుంచి వచ్చింది. మనిషి పేరు పక్కన వచ్చే రెండో పేరుని 'ఇంటిపేరు' అనే రాయాలట. మాకు ఇంటిపేర్లెక్కడివి? మన పేరు, పక్కన నాన్న పేరు, అంతే; ఆడవాళ్ళకి పెళ్ళయినా అది మారదు. అక్క 'నాన్నపేరు' అని రాస్తే మా పెద్దాయన ఫిక్రు లెగెసె తిప్పి పంపారు.

ఆ పేరు నమ్మిన విదేశీ కుర్రాళ్ళు, తల్లీబిడ్డల ఇంటిపేరు కలిస్తేనే ఒకే కుటుంబమని మిగతా కోడు రాసేశారు. దాంతో అయ్నాలెం హైలే అనే బాలింత తన కొడుకు నాహోమ్ దెస్తాకి ఏమీ కాదని కంప్యూటరు తేల్చింది. బిడ్డని ఇంటికి పంపరు. మూడు రోజులుగా ఆమె పాలిచ్చి, ఒట్టి చేతులతో వరండాలోకి వచ్చి కూర్చుంటోంది.

"కన్నతల్లిని పరాయిదంటుందా మీ రూలు?" అంది అక్క ఫిక్రు గారితో.

"రూలు నేను పెట్టానా జెనెబెచ్? కోడులో నూట నలభై చోట్ల ఎవరు మారుస్తారు?"

"మార్చేశాను, తల్లీబిడ్డల పేర్లు పోల్చడమూ తీసేశాను. మీరు సరేననడమే తరువాయి."

"అనను. నిన్ను వదిలితే రేపు ప్రతివాడూ వాళ్ళత్త పేరు పెడతాడు."

నా చేతులు దురదపెట్టాయి. మర్నాడు పొద్దున్నే ఆయన తలుపు మీద, కుర్చీ మీద, కప్పు మీద 'లెగెసె' అని చీటీలు అంటించాను. కాఫీ వేళ గట్టిగా పిలిచాను.

"లెగెసె గారూ! మూడో విడత కాఫీ చల్లారిపోతోంది!"

"ఒరేయ్! లెగెసె మా నాన్న! పోయి తొమ్మిదేళ్లయింది!"

"పుస్తకం ప్రకారం అది మీ ఇంటిపేరండీ. రూలు దాటితే ఎలా?"

అందరూ కప్పుల్లోకి చూస్తూ నవ్వాపుకున్నారు. అక్క మాత్రం నవ్వలేదు. "మీకు ఒక్క పూటకే ఇంత మండిందే. అక్కడ ఆమెకి మూడు రోజులండీ," అంది.

ఫిక్రు గారు కప్పు మీది చీటీ పీకి, వెళ్ళి అక్క మార్పుకి సరే నొక్కారు. సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అయ్నాలెం బిడ్డని తెల్లటి పైగుడ్డలో చుట్టుకుని టాక్సీ ఎక్కిందట.

అక్క కోపం తీరిందనుకున్నారా? ఫిక్రు గారు పుస్తకం చివర్లో ఒక ముక్క చేర్చారు: 'మినహాయింపు: ఇథియోపియా.'

"మన దేశంలో, మన ఆసుపత్రిలో, మనం మినహాయింపా?"

పార్లర్ వాళ్ళు మూడోసారి పైకొచ్చారు.