గల్లీ పేరు చెప్పనిదే పడని దెబ్బ

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వరస గదుల చాల్ మెట్ల కింద పూలు అమ్మే వదిన. బొంబాయిలో, ఎనభైల మొదట్లో మాట. దేవుడి పటానికి మూరెడు చామంతులు నా చేతిలో పెడుతూనే అంది:

"ఇన్నవా వదినా? ఉగాదికి పరేల్ హాల్ల మన పెద్దమ్మతోని పాడిపిస్తరంట. మైకుల!"

పెద్దమ్మ అంటే మా పక్క ఖోలీ గదిలో ఉండే ముసలామె. పాలమూరు నుంచి చిన్నపిల్లగా వచ్చి కామాటిపురలోనే ముసలిదైంది. వాన నీరు కారకుండా డాబాల మీద ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, ఆడవాళ్ళు బారుగా కూర్చుని చెక్క దిమ్మిసలతో కొడుతూ పాడతారు. ఆ బారుకు పాట చెప్పేది ఆమె. మొదటి మాట ఎప్పుడూ గల్లీ పేరే. నాలుగు గల్లీల బార్లు ఒకే డాబా మీద కూర్చున్నా, తమ గల్లీ పేరు వినబడ్డాకే ఎవరి చేతులు వాళ్ళు లేపుతారు.

రెండు రోజులకు ఉత్సవం జరిపించే పెద్దమనిషి మా చాల్‌కు వచ్చాడు. మర్యాదస్తుడే. చాప మీద కూర్చుని చాయ్ తాగాడు. పోతూ పోతూ నన్ను వరండాలోకి పిలిచాడు.

"నువ్వు చదువుకున్నదానివమ్మా, చెబితే అర్థమవుతుంది. పాటలో కామాటిపుర పేరు రానివ్వకు. ఆ పేరు వింటే అందరికీ సానికొంపలే గుర్తొస్తాయి. హాలుకు సంసారులు వస్తారు."

మరి మేమెవరం అని అడగలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నాదే. మా నాన్న బడికి పంపలేక, దేవుడి గూటి ముందు పలక పెట్టి నేర్పిన అక్షరాలవి. వాటితోనే పాటను కాగితం మీదికెక్కించి, మా గల్లీ పేరు కొట్టేసి 'బొంబాయి' అని రాశాను. చదివి వినిపిస్తే పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది.

"గల్లీ పేరు లేకుంటే దెబ్బ ఎట్ల పడ్తదే బిడ్డా?"

"పడుతుందిలే పెద్దమ్మా."

నా మాట మీద ఒప్పుకుంది.

ఉగాది సాయంత్రం పెద్దమ్మా, బారులోని ఆరుగురు ఆడవాళ్ళూ దిమ్మిసలు భుజాన వేసుకుని ఫాక్‌లాండ్ రోడ్డు దాటి బస్సెక్కారు. కాగితం పట్టుకుని నేనూ వెళ్ళాను. మాకు ముందు ఆర్కెస్ట్రావాళ్ళు సినిమా పాటలు పాడితే హాలంతా ఈలలు. తరువాత మావాళ్ళు స్టేజి చెక్కల మీద బారుగా కూర్చున్నారు. పెద్దమ్మ ఎత్తుకుంది: "బొంబాయి ఆడోళ్ళమమ్మా..."

చేతులు ఒక్కటిగా లేవలేదు. ఒకామె కొట్టింది, ఇంకొకామె ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అంతే. ముందు వరసలోంచి ఎవరో అరిచారు: "త్వరగా కానీయండమ్మా, సున్నం ఎండిపోతోంది!" నవ్వులు. తెర చాటు నుంచి పెద్దమనిషి ఇక చాలు, దిగమని చేయి ఊపుతున్నాడు. ముప్పై ఏళ్ళు డాబాల మీద పాడిన గొంతు, నవ్వులపాలై దిగిపోవాలా? అదీ నా రాతవల్ల!

కాగితం నలిపేశాను. "మన గల్లీ పేరు చెప్పు పెద్దమ్మా" అన్నాను, అందరికీ వినబడేట్టే.

"ఇప్పుడొచ్చిందా నీకు తెలివి?" అంది. మైకులో హాలంతా వినబడింది. ఆపైన గొంతెత్తింది:

"తొమ్మిదో గల్లీ ఆడోళ్ళమమ్మా! కామాటిపురపోళ్ళమమ్మా!"

ఆరు దిమ్మిసలు ఒక్కటిగా పడ్డాయి. చెక్కల సందుల్లోంచి దుమ్ము లేచింది. పాట పూర్తయ్యేదాకా ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో నిలబడ్డవాళ్ళు మాత్రం అందుకుని పాడారు.

దిగగానే పెద్దమనిషి ఎదురొచ్చాడు. "వద్దని చెప్పాను కదమ్మా."

నేను నోరు తెరిచేలోగానే పెద్దమ్మ అందుకుంది. "ఉండే జాగ దాసిపెట్టి పాడనీకి మేమేం దొంగతనం చేసినమయ్యా?"

మళ్ళీ ఆ హాలుకు మమ్మల్ని పిలవలేదు. పిలవకపోతే ఏం? ఆ రోజు 'మన గల్లీ పేరు చెప్పు' అనడానికి నాకు నోరిచ్చిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. అంతకు ముందు పెద్దమ్మకు పెట్టుకుంటాను. ఆమె ఇప్పుడు లేదు. వానాకాలం మీ నెత్తిన చుక్క కారని రోజున ఆమెను ఒక్కసారి తలచుకోండి. ఊరికే పెద్దమ్మ అనకండి, కామాటిపుర పెద్దమ్మ అనండి.