బొమ్మ ఇంజను గొంతు

బొమ్మ రైలింజన్లలో ఫ్యాక్టరీలోనే సౌండు బిగించి అమ్మేవి ఉంటాయని నలభై దాటాక తెలిసింది నాకు. అప్పటిదాకా బొమ్మ రైలంటే తిరునాళ్ళలో కొనే రేకు డబ్బా, దానికో తాడు. అలాంటిది, పట్టుబట్టి నేనే ఒకదాన్ని ఏరి పైదేశం నుంచి తెప్పించానంటే మా వాళ్ళు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే పోయారు. ఆ రోజుల్లో నాకు ఇంకో దారి కనపడలేదు.

మా ఆయన డీజిలింజను డ్రైవరు. గుంటూరు నుంచి మాచర్లకి మీటరుగేజి లైను ఉన్న కాలంలో చిన్న ఇంజన్ల మీదే ఆయన పనంతా. తర్వాత లైను వెడల్పు చేశారు, పెద్ద ఇంజన్లొచ్చాయి, చిన్నవి ఎటో తరలిపోయాయి. పెద్దవాటినీ నడిపాడు గానీ మనసంతా ఆ చిన్నదాని మీదే. ఆ ఊసెత్తితే చాలు, "మరి నన్నెందుకు కట్టుకున్నారో" అని సాధించేదాన్ని. ఆయన నవ్వేసేవాడు.

నిజానికి దాని గొంతు నాకూ కొట్టినపిండే. గుంటూరులో మా క్వార్టర్లు లైను పక్కనే ఉండేవి. మా వరస ఆడవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. మొగుడి బండి సిగ్నలు దగ్గర నిలబడిందని చెవులతో పోల్చుకున్నాకే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళం. మనిషి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే సరికి అన్నం ఉడికేది. ఏ ఇంజను ఎవరిదో, అది దగ్గుతోందో గుర్రుమంటోందో మాకు తెలిసినట్టు ఆఫీసర్లక్కూడా తెలిసేది కాదని గొప్పలు పోయేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన చెవులు పాడవడం మొదలైంది. కొంతకాలం ఇంజన్లో తోడుండే అసిస్టెంటు సాయంతో నెట్టుకొచ్చాడు. డాక్టరీ పరీక్షలో దొరికిపోయాక ఇంజను మీద నుంచి దించి ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడ కుర్చీలో కూర్చుని, తనకింద పని నేర్చుకున్నవాళ్ళు బండెక్కి పోతుంటే చూడలేకపోయాడు. ఉద్యోగం మానేశాడు. పర్చూరు దగ్గర మా పుట్టింటి ఊరికి పోదామన్నది కూడా ఆయనే. ఆ ఊరే ఎందుకంటే అటువైపు రైలు పట్టాలు లేవు.

గుంటూరు డాక్టరు మళ్ళీ చూసి, "వినికిడి నరం చచ్చిపోతోందమ్మా. ఉన్న కాస్తా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. మిషను పెట్టినా లాభం లేదు" అన్నాడు. ఈ మాట ఆయనకి చెప్పాల్సింది నేను. కానీ నా గొంతు ఆయనకి అప్పటికే అందడం మానేసింది. మా అన్నయ్యది బొంగురు గొంతు, అది అందేది. పిండిమర చప్పుడు అందేది, ట్రాక్టరు అందేది. నా గాజులు, కుక్కరు కూత, నా మాట ముందుగా పోయాయి. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నా గొంతే మొదట పోవాలా అని దేవుణ్ణి నానా మాటలన్నాను. కాగితం మీద రాసి చూపించడానికి చెయ్యి రాలేదు. చివరికి అన్నయ్యే ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాడు.

ఆయన ఏడవలేదు. పొగాకు బేళ్ళ మీద కూర్చుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నాతో, "ఏమే, ఆ చిన్నింజను గొంతు ఒక్కసారి ఇంటే చాలు. తర్వాత పోతే పోయినయ్యి" అన్నాడు.

చీరాల స్టేషనుకి పోదాం రమ్మని కాగితం మీద రాసి చూపించాను. కాళ్ళావేళ్ళా పడ్డాను. "నాతో పన్జేసినోళ్ళు బండ్లు తోలతంటే నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడాలా? నేను రాను" అని మొహం తిప్పుకున్నాడు. అయినా చీరాలకి ఆ చిన్నింజను ఎక్కడినుంచి వస్తుంది? అవింకా తిరిగే పరాయి రాష్ట్రాలకి తీసుకుపోయి వినిపిద్దామంటే మనిషి గడప దాటడు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను.

అప్పుడు అన్నయ్యకి గుర్తొచ్చాడు, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆయన. అన్నయ్య కాయలు ఆయన కోల్డు స్టోరేజీలోనే పెట్టేవాడు. ఆయనకి బొమ్మ రైళ్ళ పిచ్చి. నేను వెళ్ళేసరికి మేడ మీద గది నిండా బల్లలు, బల్లల నిండా పట్టాలు. అంత పెద్దమనిషి మోకాళ్ళ మీద కూర్చుని సిగ్నలు స్తంభానికి రంగేస్తున్నాడు. ఇంకొకప్పుడైతే నవ్వి ఉండేదాన్ని. ఆ రోజు చేతులెత్తి దణ్ణం పెట్టి సంగతంతా చెప్పాను.

"మన డీజిలింజన్లు పాత అమెరికా నమూనాలే గదా చెల్లెమ్మా. మీ ఆయన తోలినదానికి తోబుట్టువులు ఈ బొమ్మల్లో దొరుకుతయ్" అన్నాడు. "సౌండు లేనిది కొని తర్వాత లోపల చిప్పు, స్పీకరు పెట్టించొచ్చు. నేనొకసారి టీవీ మెకానిక్ చేత పెట్టిస్తే పొగొచ్చి ఊరుకుంది. ఫ్యాక్టరీలో బిగించిందైతే ఆ బాధ లేదు. నిజం ఇంజను దగ్గర రికార్డు చేసిందే అందులో పెడతారు." ఈసారి మిర్చి పనిమీద అమెరికా వెళ్ళినప్పుడు తెస్తానన్నాడు. ఏది తేవాలో నన్నే చెప్పమని, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు.

మొదటిది వినగానే వద్దన్నాను. అది ఇంజనులా లేదు, గంట కొట్టుకుంటూ వచ్చే ఐసు బండిలా ఉంది. రెండోదాని హారను బ్రహ్మాండం. ఇంజను మాత్రం వట్టి హోరు. మూడోది దగ్గరగానే వచ్చింది. "దీంట్లో స్పీకరు పెద్దది, లావు గొంతు" అన్నాడాయన మెచ్చుకోలుగా. నాకు నచ్చలేదు. "గొణుగుతోందన్నయ్యగారూ. మాటలు నోట్లో పెట్టుకుని మింగుతున్నట్టుంది" అన్నాను.

నాలుగోది పెట్టగానే కళ్ళు మూసుకున్నాను. నిలబడిన ఇంజను ఆయాసపడుతూ కొట్టుకునే ఆ తడబాటు, మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొట్టి మళ్ళీ అందుకోవడం, కదిలేముందు లోపల్నుంచి లేచే సన్నటి ఈల. ఒక్కొక్కటీ విడివిడిగా, శుభ్రంగా, కడిగిన ముత్యంలా వినపడింది. హారను మనది కాదు, పోనీ అనుకున్నాను. "ఇదే తెండి" అని చెప్పి, ఆ హెడ్‌ఫోన్లు తియ్యకుండానే వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం, ఆయన కంగారుపడి మజ్జిగ తెప్పించాడు.

తర్వాత ఎదురుచూపులు. మిరపకాయ కోతలైపోయాయి, కల్లాల్లో ఎండబెట్టడం అయిపోయింది, అమెరికా వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. ఈలోపు మా ఆయన చెవులు ఏ పూటకాపూట తగ్గుతున్నాయి. పొద్దున్నే మంచం పక్కన చెంబు కింద పడేసి చూసేదాన్ని, ఉలిక్కిపడతాడేమోనని. పిండిమర తిరుగుతున్నా చేను వైపు చూస్తూ కూర్చునేవాడు. అన్నయ్య పిలిచినా పలకడం మానేసిన రోజున, గుంటూరుకి ఫోను చేసి ఆ పెద్దమనిషి ఇంట్లో వాళ్ళ మీద అరిచాను. వాళ్ళేం చేస్తారు, మనిషి ఊళ్ళో లేకపోతే.

చివరికి ఒక మధ్యాహ్నం ఆ పెద్దమనిషే ఇంజనుని కారులో తెచ్చాడు. తన పట్టాలు కొన్ని మా ముందుగదిలో బల్ల మీద గుండ్రంగా బిగించి, మీటల పెట్టె నా చేతికిచ్చి ఏది నొక్కితే ఏమవుతుందో చూపించాడు. భార్యాభర్తల మధ్య తనెందుకనుకున్నాడేమో, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మా ఆయన ఇంజనుని రెండు చేతులతో తీసుకుని కిందా మీదా చూశాడు. డ్రైవరు ఎక్కే బుల్లి మెట్ల మీద వేలుపెట్టి తడిమాడు. పట్టాల మీద పెట్టి, బల్ల మీదకి వంగి, చెవి దానికి ఆనేంత దగ్గరగా పెట్టాడు. నేను మీట నొక్కాను.

గది నిండా అదే గొంతు. నేను ఎంచినదే, అచ్చం అదే. ఆయన మొహం వైపు చూశాను. కళ్ళు మూసుకున్నాడు. మెల్లిగా తలాడించాడు.

"అదేనే. అదే గొంతు" అన్నాడు.

ఆ క్షణాన నాకంటే అదృష్టవంతురాలు లేదనుకున్నాను. వేగం పెంచాను. చిన్న ఇంజను గిర్రున తిరిగింది. హారను కూడా వినిపిద్దామని ఇంకో మీట నొక్కాను. కళ్ళనిండా నీళ్ళు, సరిగ్గా కనపడలేదు. హారను మోగలేదు. ఉన్న చప్పుడు కూడా టక్కున ఆగిపోయింది. సౌండు ఆపే మీట నొక్కేశాను. ముందు లైటు వెలుగుతూనే ఉంది, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆయన తలాడిస్తూనే ఉన్నాడు.

"చూశావా, ఇప్పుడు లోడు ఎక్కింది. ఎట్టా గుంజుతందో! ఇంటన్నావా?" అన్నాడు.

నా చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది. గదిలో గోడ గడియారం తప్ప ఇంకేం వినపడటం లేదు. అప్పుడర్థమైంది నాకు. నేను నా చెవులతో ఎంచాను. సన్నగా, శుభ్రంగా ఉన్నది ఆయనకి ఏనాడో అందకుండా పోయిందని రోజూ చూస్తూ కూడా, ఆ సన్నటి గొంతునే ఏరుకొచ్చాను. లావు గొంతుది తెచ్చి ఉంటే కొంచెమైనా అందేదేమో. లేదా ఈ ఆలస్యంలో అదీ అందకపోయేదేమో. ఎవరు చెప్పగలరు? గుండెలు బాదుకోవాలనిపించింది. ఆయన ఎదురుగా ఉన్నాడని పళ్ళు బిగించి నిలబడ్డాను.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాడు. మొహాన అలసటేమీ లేదు. నా బుగ్గ మీది తడిని వేలితో తుడిచి, "ఇంక ఆపవే. ఊరికే మోగిస్తే స్పీకరు పోద్ది" అన్నాడు.

సరేనని తలూపి, ఆయనకి కనపడేట్టు ఏదో ఒక మీట నొక్కాను.