ముందు బస్తా, తర్వాతే మనిషి

మార్చి తొమ్మిది, సోమవారం. ఆ రోజు మొదటి వింత, పొద్దున ఆరు గంటలకే మా కాక మడిగె షట్టర్ పైకి లేచి ఉండటం. ఆ పచ్చబొట్ల దుకాణం పదకొండుకు ముందు తెరుచుకోగా నేనెన్నడూ చూడలేదు. దవాఖానలో ఉన్న కాక లేచి వచ్చేశాడనుకుని ఒక్క పరుగున మెట్లు దిగాను. లోపల చిన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని మందునీళ్లతో నేల తుడుస్తోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"తెల్లారకముందే పోయిండు బిడ్డా," అంది. "ఇగ మనుషులొస్తరు. గలీజుంటె ఆయన ఊకుంటడా?"

నేనూ ఒక గుడ్డ తీసుకున్నాను. గోడల దాకా తుడిచాం. వెనక గదిలోకి మాత్రం ఇద్దరం పోలేదు. అక్కడ దూలానికి ఇసుక బస్తా వేలాడుతోంది.

కాక అంటే మా నాయిన తమ్ముడు. సిద్దిపేటలో మా ఇంటి కింది మడిగెలో పదేళ్లుగా పచ్చబొట్లు వేశాడు. మీలో కొందరి చేతుల మీద ఆయన పని ఉంది. మిగతావాళ్లకు ఆయన సంగతి తెలిసింది నా వల్ల. మన కాలేజీ పత్రిక పోయిన సంచికలో నేను రాసిన వ్యాసం మీలో చాలామంది చదివారు. బాగుందని మెచ్చుకున్నారు కూడా. అది రాసినదాన్నే ఇదీ రాస్తున్నాను. ఆయన గురించి రాసే హక్కు నాకు ఇంకా ఉందో లేదో, చదివాక మీరే అనుకోండి.

కాక తన కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ అడిగే మొదటి మాట "తిన్నవా?" తినలేదంటే బయటికి పంపేవాడు. తర్వాత నోటి వాసన చూసేవాడు. మందు వాసన వస్తే ఎంత దగ్గరివాడికైనా దండం పెట్టి దారి చూపించేవాడు. సూది పొట్లం వాళ్ల చేతికే ఇచ్చి, దాని మీది తేదీ పైకి చదవమనేవాడు. చదువు రానివాళ్లకు నేను చదివిపెట్టేదాన్ని.

ఒకసారి చేర్యాల నుంచి ఒక ముసలమ్మ మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె గడ్డం మీద, చేతుల మీద పాతకాలపు పచ్చ చుక్కలు. కాక మోచేతుల దాకా రెండోసారి సబ్బు రాస్తుంటే పకపకా నవ్వింది.

"ఏందిరా, పురుడు పోస్తున్నవా? మా కాలంల మూడు సూదులు, ఇంత పసరు. ఊరందరికీ గవ్వే సూదులు."

"మరి ఎవ్వల చెయ్యి ఉబ్బలేదా అవ్వా?"

"ఉబ్బినోళ్లు చెప్పనీకి ఉన్నరా కొడకా!"

కాక కూడా నవ్వాడు. నవ్వితే పైవరసలో రెండు పళ్లు లేని సందు కనబడేది. ఆ సందుకు ఒక కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు భీవండిలో మగ్గాల మీద పనిచేస్తూ, ఆదివారాలు ముంబైలో ఒక ఉస్తాద్ దగ్గర పచ్చబొట్టు పని నేర్చుకున్నాడు. వీపు తోలుకు ఇనుప కొక్కేలు గుచ్చి, వాటికి తాళ్లు కట్టి, మనిషిని గాలిలోకి ఎత్తడం అక్కడే చూశాడు. సరదాపడి తానూ ఎక్కాడు. తాడు పట్టినవాడు తాగి ఉన్నాడు. ముడి జారింది. బరువంతా ఒక పక్కకు ఒరిగి, కుడి భుజం మీది రెండు కొక్కేలు తోలును చీల్చుకుని బయటికొచ్చాయి.

"గోనెసంచి చింపినట్టు సప్పుడొచ్చింది బిడ్డా. నొప్పి తర్వాతొచ్చింది," అనేవాడు.

కింద పడి, ఇనుప స్టూలుకు మూతి తగిలి పళ్లు పోయాయి. భుజం మీద అరచేయంత మచ్చ మిగిలింది. అప్పటి నుంచి 'స' అన్నప్పుడల్లా ఆయన నోట్లో సన్నని ఈల. ఇప్పుడు 'బస్తా' అని రాస్తుంటే ఆ ఈల నాకు వినిపిస్తోంది. "ఎక్కుడు ఎవ్వడన్న ఎక్కుతడు. మంచిగ దించెటోడు ఉండాలె" అన్నది ఆ రోజు నుంచి ఆయన మాట.

కాక ఎవరి పేర్లూ పొడిచేవాడు కాదు. ఆ నియమానికీ నెత్తురు కథే ఉంది. దుకాణం పెట్టిన కొత్తలో ఒక అబ్బాయికి ముంజేతి మీద ఒక అమ్మాయి పేరు పొడిచాడు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి అన్నలు వాణ్ని పట్టుకున్నారు. ఇద్దరు నేలకు అదిమి పట్టారు, ఒకడు బ్లేడుతో ఆ పేరు ఉన్న తోలంతా కోసేశాడు. వాడు దవాఖానకు పోకుండా కాక దగ్గరికి ఉరికి వచ్చాడు. పేరు ఉన్నచోట ఎర్రటి మాంసం, వేళ్ల చివరల నుంచి ధార. కాక కొత్త కట్టు విప్పి చుట్టి, స్కూటర్ మీద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ అన్నలు దుకాణంలో ఉన్నారు. అద్దం పగలగొట్టారు. కాకను చెంపల మీద ఎన్ని దెబ్బలు కొట్టారో చిన్నమ్మ లెక్కపెట్టలేకపోయింది. వాళ్లు పోయాక, చెప్పులు లేని కాళ్లతో ఎవరూ రావద్దని అరుస్తూ గాజుముక్కలన్నీ తానే ఊడ్చాడట. ఆ తర్వాత ఎవరు పేరు అడిగినా ఒకటే జవాబు: "పేరు నోట్లె వెట్టుకో. తోలు మీద వద్దు. తోలును అందరు జూస్తరు."

ఇక బస్తా సంగతి. అప్పుడు నేను రాయనిది ఇదే. దయచేసి ఈ పేరా దాటెయ్యకండి.

కొక్కేల మీద వేలాడతానని ఎవరైనా వస్తే కాక ముందు వాళ్లను తూచేవాడు. అంత బరువు ఇసుకను బస్తాలో నింపి, బస్తా మీద సుద్దతో ఆ అంకె రాసి, మనిషిని ఎత్తబోయే ఆ తాళ్లతోనే, ఆ దూలానికే ఏడు రోజులు వేలాడదీసేవాడు. రోజూ ముడులు చూసేవాడు, దూలం కిర్రుమంటుందేమోనని చెవి పెట్టి వినేవాడు. ఆ మనిషి కూడా రోజూ వచ్చి చూడాలి. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటి నుంచే. తన బరువు తన ముందే అలా వేలాడుతుంటే చాలామందికి నాలుగో రోజుకే సరదా తీరేది. "ముందు బస్తా, తర్వాతే మనిషి," అనేవాడు కాక.

అలా ఏడు రోజులూ వచ్చినవాడు నేను చూసినంతలో ఒక్కడే. కసరత్తులు నేర్పే అన్న ఒకాయన. కాక ఆయన వీపు మీద పది చోట్ల గుర్తులు పెట్టాడు. ఒక్కో చోట తోలు పట్టి లేపి, ముందు పదునైన సూదితో దారి చేశాడు. ఆ దారిలోనే మరిగించి తీసిన మొద్దు కొక్కెం పంపాడు. ఎత్తడానికి అరగంట పట్టింది. మడమలు లేచాక ఆగాడు. కాలివేళ్లు లేచాక ఆగాడు. దించాక, తోలు కింద చేరిన గాలిని అరచేత్తో ఒత్తి ఒత్తి తీశాడు. ఆ గాలి చిటపటమంటూ బయటికి పోవడం నేను విన్నాను.

నేను రాసింది మాత్రం ఇది: "కొక్కెం ముద్దులా తోలును దాటింది. ఒక్క కుదుపుతో మనిషి పక్షి అయ్యాడు."

సూది లేదు. మొద్దు కొక్కెం లేదు. అరగంట లేదు. అసలక్కడ లేని కుదుపు ఉంది. అప్పటికి నాకు మాటలంటే కొత్త పిచ్చి. ఆ వాక్యాన్ని రోజంతా లోపల చదువుకుంటూ తిరిగాను. బస్తా గురించి ఒక పేరా రాసి కొట్టేశాను. పక్షి పక్కన బస్తా బాగుందనిపించలేదు.

పత్రిక వచ్చాక కాక అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ అంతా చదివాడు.

"బస్తా ఏది?" అన్నాడు.

"గది సదివెటోళ్లకు బోర్ కొడ్తది కాకా."

పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. గందుకే భయమైతుంది. వచ్చేసారి బస్తా గురించి రాయి."

"రాస్త తియ్యి. పరీక్షలు కానీ."

నన్నూ ఎత్తమని రెండేళ్లుగా ఆయన ప్రాణం తీస్తున్నాను. ఇరవై నిండాక చూద్దామనేవాడు. నిండాయి. మార్చి రెండు, సోమవారం నాడు నన్ను తూచాడు. యాభై ఒక్క కిలోలు.

"గీ పిల్లను ఎత్తనీకి కొక్కేలెందుకు? బట్టల క్లిప్పులు సాలవా?" అంది చిన్నమ్మ. కాక నవ్వుతూనే ఇసుక నింపి, 51 అని రాసి, బస్తా ఎత్తాడు.

గురువారం, నా నాలుగో రోజు. నేను బస్తా చూస్తుండగా కాక ఫోన్ మోగింది. ఎవరో కుర్రవాడు. గొంతు నాకూ వినపడింది.

"కాకా, ట్రాక్టర్‌కు కట్టే తాడు సాల్తదా, ఇంక లావుండాల్నా?"

"దేనికిరా?"

"మా దోస్తును ఎత్తనీకి. పేపర్ల సదివినం."

"ఆగుండ్రి. ఎవ్వల్ని ఎత్తకుండ్రి. యాడున్నరో చెప్పు, నేనొస్తున్న."

కాక స్కూటర్ తీశాడు. నేను వెనక ఎక్కాను. కొండపాక దారి పట్టాం.

పొలం గట్టు మీద వేపచెట్టు. నలుగురు దోస్తులు, ఎదురుగా నిలబెట్టిన ఫోన్. చొక్కా లేని అబ్బాయి వీపులో నాలుగే కొక్కేలు. ఇనుప సామాన్ల దుకాణంలో కొని, తోలును దాటాలని సానపట్టి పదును చేశారు. నెత్తురు వీపంతా పారి ప్యాంటు నడుము దగ్గర నల్లగా గడ్డకడుతోంది. తాడు కొమ్మ మీదుగా పోయి ట్రాక్టర్ వెనక కట్టి ఉంది. ఇంజన్ నడుస్తోంది.

"బస్తా ఎత్తి చూసిన్రా?" అని అరిచాడు కాక.

జవాబు చెప్పింది కొక్కేలు గుచ్చుకున్న అబ్బాయే. "గా పేపర్ల బస్తా ముచ్చట లేదు గద కాకా!"

కాక నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా. నేను ఎవరో వాళ్లకు తెలియకూడదని చూడలేదు.

"తాడు వదులు చెయ్యి. మెల్లగ, ఎనకకు రా," అంటూ చేతులు చాచి ఆ అబ్బాయి కిందికి పోయాడు. ట్రాక్టర్ మీదివాడు బెదిరి ఉన్నాడు. క్లచ్ మీది కాలు జారింది. బండి ముందుకు దూకింది.

అప్పుడు విన్నాను, గోనెసంచి చింపిన చప్పుడు. అబ్బాయి ఒక్క కుదుపుతో మనిషెత్తు పైకి లేచాడు. ఎడమ పక్క రెండు కొక్కేలు ఊడిపోయాయి. తోలు తెరుచుకుని వేలాడింది. మిగిలిన రెండింటి మీద పక్కకు ఒరిగి, గిరగిరా తిరుగుతూ వాడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. కాక ఎగిరి వాడి కాళ్లు రెండూ పట్టుకుని భుజాల మీదికి తీసుకున్నాడు.

"నీ బరువు నాకియ్యి బిడ్డా. గుంజకు. నాకియ్యి."

అబ్బాయి ఏడుస్తూ భుజాల మీద కూర్చున్నాడు. తాడు వదులైంది. ఒక్క ఊపిరి పాటు, అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. కానీ బెదిరినవాడు ఇంజన్ ఆపలేదు. బండి మళ్లీ ముందుకు దూకింది. కొమ్మ విరిగింది. ఇద్దరూ పడ్డారు. అబ్బాయి కాక మీద పడ్డాడు. కొమ్మ కాక మెడ మీద పడింది.

దోస్తులు అరుస్తూ వచ్చి అబ్బాయి వీపును చేతులతో అదమబోయారు. కాక చెవిలోంచి నెత్తురు మట్టిలోకి ఇంకుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఉత్త చేతులు వెట్టకుండ్రి," అన్నాడు. "కడిగిన బట్ట."

ఆ తర్వాత దవాఖానలో నాలుగు రోజులూ ఆయన మాట్లాడలేదు. ఆదివారం నా ఏడో రోజు. నేను బస్తా దగ్గరికి పోలేదు.

ఆ ఫోన్ తీసిన వీడియో మీలో చాలామంది దగ్గర ఉందని తెలుసు. చూసే ఉంటారు. అందులో పక్షి లేదు.

ఆయన పోయి నేటికి ఇరవై రోజులు. కొక్కేలన్నీ చిన్నమ్మ పాడుబడ్డ బాయిలో పారేసింది. "బస్తా ఉండనీ. దానితోని ఎవ్వలు సావలేదు," అంది.

నిన్న ఆ అబ్బాయి వచ్చాడు. వీపు కుట్ల వల్ల ఇంకా పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. చిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. లేచాక నన్ను అడిగాడు.

"గా పేపర్ రాసింది నువ్వేనా అక్కా?"

అవునన్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మస్తు రాసినవ్. నేను మూడుసార్లు సదివిన," అన్నాడు.

ఇంతకంటే పెద్ద దెబ్బ నేను ఎన్నడూ తినలేదు. ఫోన్ తీసి చూపించాను. మొన్న కొత్త నంబర్ నుంచి వచ్చిన మెసేజ్: "అక్కా, నీ పేపర్ జూసినం. ఎన్ని కొక్కేలు గావాలె? వచ్చే ఆదివారం మా తమ్ముణ్ని ఎత్తుతున్నం." నా వ్యాసం ఫోటో ఇంకా ఊళ్లు తిరుగుతోంది. దాన్ని వెనక్కి పిలవడం నా చేతిలో లేదు.

అబ్బాయి రెండుసార్లు చదివాడు. వెనక గదిలోకి పోయి బస్తా ముందు నిలబడ్డాడు.

"గిది ఎవ్వల బరువు?"

"నాది."

బస్తా కింద అరచెయ్యి పెట్టి కొంచెం లేపి చూశాడు. "వాళ్లను రమ్మను," అన్నాడు. "నేనూ వస్త. నా ఈపు సూపిస్త."

ఆ నంబర్‌కు రాత్రే జవాబు పంపాను: "ముందు మీ తమ్ముణ్ని తీసుకొని రండి. ఎంత బరువున్నడో ఈడ తూద్దం." రేపే వస్తామన్నారు.

రేపు పొద్దున ఏడు గంటలకు షట్టర్ లేపుతాను. వాళ్లు రాకముందే నేల తుడవాలి. నేను బస్తాను కింద పట్టుకుంటే ఆ అబ్బాయి తాడు వదులుతాడు, మెల్లగా, కాక దించినట్టు. తడిగుడ్డతో 51 తుడిచేసి, సుద్ద పక్కన పెట్టుకుని కూర్చుంటాను. వాళ్ల తమ్ముడు లోపలికి రాగానే ముందు, తిన్నవా అని అడగాలి.