మూడు కాళ్ల కుర్చీకి మొదటి బరువు

"కూసునేదానికి గింత సదువు ఎందుకు బిడ్డా?" అనేది మా అమ్మ, నేను హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నానని ఎవరికి చెప్పాల్సి వచ్చినా. నాకు ఒళ్లు మండేది. కూర్చోవడానికే అయితే బండరాయి చాలదా అని వాదించేదాన్ని. అప్పట్లో నాకు కుర్చీల పిచ్చి పట్టింది. కాలేజీ లైబ్రరీ పుస్తకాల్లో శిల్పాల్లాంటి కుర్చీలుండేవి. ఒకటి ఎండుటాకులా వంగి ఉండేది, ఇంకొకటి ఎగరబోయే కొంగలా. వాటి చుట్టూ తిరిగి చూడాలనిపించేది గాని కూర్చోవాలని ఒక్కసారీ అనిపించలేదు.

చివరి ఏడాది నేనూ ఒకటి చెయ్యాల్సి వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. బందులతో హాస్టల్ మూసేస్తే నర్సింహులపేటకు వచ్చేశాను. మా చేనులో గాలివానకు పడ్డ వేపమొద్దు ఉంటే, నాగళ్లు చేసే వడ్రంగి, మా వడ్ల తాత దగ్గరికి నా బొమ్మ పట్టుకుని పోయాను. మూడు కాళ్లు, అందులో ఒకటి బయటికి వాలి ఉంటుంది. కూర్చునే చోట లోతుగా గుండ్రటి గుంట. తాత పది రోజులు చెక్కి, దూరంగా జరిగి చూసి, "మస్తుగున్నది. గని గిదేంది?" అన్నాడు.

"కుర్చీ తాతా."

"కుర్చీయా!" అని బీడీ ముట్టించాడు.

జర కూర్చుని చూడమంటే ఒప్పుకోలేదు. "చేసినోడు ముందుగాల కూసోవద్దు. ఎవలది వాళ్లే కూసోవాలె. నువ్వు కూసో." నాకు ధైర్యం చాలలేదు. ఆ వాలిన కాలు విరిగిందంటే ఇంకొకటి చేయించే టైం లేదు. మా సార్ అప్పటికే ఫోన్‌లో తేల్చి చెప్పాడు: "నువ్వు చేసింది కుర్చీనా, బొమ్మనా? బస్సులు లేవు కాబట్టి తేనక్కర్లేదు. బరువు మోస్తున్న ఫొటో శుక్రవారం లోపల పంపు. లేకపోతే మళ్లీ ఏడాది చదువుకో."

ఫొటోలు తియ్యడం నాకు నేర్పింది మానుకోటలో పెళ్లిళ్ల స్టూడియో నడిపే అన్న. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది గాని మేమందరం మానుకోట అనే అంటాం. తన పాత కెమెరా నాకిచ్చి, బడిబల్ల మీద చెంబు పెట్టి తీయించేవాడు. అలవాటు కొద్దీ చెంబుతో కూడా "జర నవ్వాలె" అనేవాడు. ఆయన పాఠం ఒక్కటే: "ముందు నీడ జూడు. నీడ లేకుంటే ఫొటోల దేనికీ బరువుండది."

నా భయం ఆయనకు చెప్పుకున్నాను. ఆయన చిటికెలో ఉపాయం చెప్పాడు. "స్టూడియోకు పట్కరా. ఎవలన్న గోడకు ఆనుకొని, కూసున్నట్టు వంగి ఉంటరు. ఆనకుంటనే తీద్దాం." మోసమని తెలుసు. అయినా గురువారం పొద్దున కుర్చీని ట్రాలీ ఆటోలో ఎక్కించి, కెమెరా మెడలో వేసుకుని బయల్దేరాను.

మానుకోట పొలిమేరల్లో రోడ్డు ఆగిపోయింది. వంటావార్పు. నిరసనంటే ఆ రోజుల్లో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకోవడమే. అన్న కూడా అక్కడే ఫొటోలు తీస్తున్నాడు. దారి ఇవ్వమని బతిమాలుదామని ఆయన్ని వెంటపెట్టుకుని ముందుకు పోయాను. "అన్నం తినిపో బిడ్డా, గంట ఆగితే ఏం బోదు" అన్నారు అక్కడి పెద్దమనుషులు. సరేనని వెనక్కి తిరిగేసరికి ఆటో ఖాళీగా ఉంది.

నా కుర్చీ రోడ్డు మధ్యలో ఉంది. దాని మీద, పొయ్యి మీంచి అప్పుడే దించిన అన్నం గుండిగ. అంత పెద్ద గుండిగకు గుండ్రటి అడుగు, వాలుగా ఉన్న తారు రోడ్డు మీద నిలవదు. మూడు కాళ్లూ గుంటా చూసి, ఎవరో పుణ్యాత్ములు తమ కోసమే కుదురు పంపించారనుకుని వంటవాళ్లు దించేసుకున్నారు.

"తియ్యుండ్రి! ఇరుగుతది!" అని అరుస్తూ ఉరికాను.

గరిటె పట్టుకున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు పరేషాన్ అయితవ్? మంచిగ నిలవడ్డది గదా."

నిలబడింది. అవ్వ మసిగుడ్డ పట్టి గుండిగ అంచు మీద చెయ్యి మోపి, లోపలికి వంగి వడ్డిస్తోంది. ఆ బరువంతా వాలిన కాలు మీదే పడుతోంది. అది కదలలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ నా కుర్చీని నమ్మనిది నేనొక్కదాన్నే.

"జూసుకుంట నిలవడితే ఎట్ల? తియ్యి!" అని అన్న వీపు మీద చరిచాడు. నడినెత్తిన ఎండ. ఫొటోకు పనికిరాని ఎండ అని ఆయనే చెప్పేవాడు. కాని కుర్చీ కింద నల్లగా, చిన్నగా, చిక్కగా నీడ ఉంది. రోడ్డు మీద మోకరిల్లి, ఆ నీడను కూడా కలుపుకుని నొక్కాను.

గుండిగ ఖాళీ అయ్యాక అవ్వ విస్తరి చేతిలో పెట్టి, "గిది నీదేనంట గదా, కూసోని తిను" అంది. ఎంతో గొప్పగా కూర్చున్నాను. కూర్చున్నంత వేగంగా లేచాను, చెక్క అంత కాలిపోతోంది. రోడ్డంతా నవ్వింది. నేను ఆ అన్నం నిలబడే తిన్నాను.

సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆ ఒక్క ఫొటోనే పంపాను. సార్ దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "కుర్చీయే, ఒప్పుకున్నాను."

గుంటలో మసి పట్టి, చెక్క కమిలి, నల్లటి గుండ్రటి మచ్చ మిగిలింది. దాన్ని చిత్రిక పట్టించి తీసేయిద్దామని తాత దగ్గరికి తీసుకుపోయాను. జరిగిందంతా విని, ఆయన మచ్చ మీద బొటనవేలు తిప్పాడు. చిత్రిక తియ్యలేదు.

"ముందుగాల ఎవలు కూసోవాల్నో వాళ్లే కూసున్నరు" అన్నాడు. "ఉండనియ్."