నీళ్ల క్యాన్లతో తూచిన పడవ

ఆ నెలంతా రెండు పడవలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రెండూ ఇదివరకు వాడినవే, అమ్మకానికి పెట్టిన మోటారు పడవలు. తెల్లది మా కృష్ణపట్నం ఉప్పుటేరులోనూ, నీలంది తడ అవతల పులికాట్ సరస్సు ఒడ్డునా ఉండేవి. విద్యుత్ కేంద్రంలో యంత్రాల కంపనాలు కొలవడం నా ఉద్యోగం. సెలవురోజు షికార్లకు ఒక పడవను ఎంచుకోవడం అంతకన్నా కష్టమవుతుందని అనుకోలేదు.

కష్టమంతా మా ఆవిడ పెట్టిన షరతులో ఉంది. ఆమెకు ఈత రాదు. సముద్రానికి వెళ్లినా చెప్పులు తడవని చోటే నిలబడుతుంది. నేనూ, పదేళ్ల మా అమ్మాయీ పట్టు విడవకపోతే చివరికి ఒక మాట అంది: "ఒక్కసారి ఎక్కుతాను. భయమేసిందా, ఇక నన్ను అడగొద్దు. పాపను కూడా పంపను."

అంటే నాకున్నది ఒకే ప్రయత్నం.

తెల్ల పడవ అడుగు కోసుగా ఉంటుంది. వేగం అందుకుంటే అలను చీల్చుకుంటూ నిలకడగా పోతుంది కాని, ఆగినప్పుడు పక్కలకు ఒరుగుతుంది. నీలి పడవ అడుగు బల్లపరుపు. ఆగి ఉంటే కదలదు కాని, చిన్న అలకు కూడా దబదబ కొట్టుకుంటుంది. పైగా పాత ఇంజను మోత. వీటిలో ఏది తక్కువ భయపెడుతుంది? అన్నం ముందూ, కంపెనీ బస్సులోనూ ఇదే ఆలోచన. రాత్రి తేల్చుకున్నది పొద్దున్నకు మారిపోయేది.

చివరికి తెల్లదాన్ని బరువు పెట్టి పరీక్షించాను. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు మా ఆవిడ కూర్చునే చోట కట్టాను. అమ్మాయి చోట ఒక నిండు క్యాను, ఒక సగం క్యాను. పడవ యజమాని నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది సార్, మేడం మాటా పలుకూ లేకుండా కూర్చోనుండారు?"

"ఇంటికెళ్లాక మాట్లాడతారులే."

ఉప్పుటేరులో తిరిగి వచ్చాం. ఆగినప్పుడు కూడా పడవ నేను భయపడినంత ఒరగలేదు. తెల్లదే అనుకుని, క్యాన్ల పరీక్ష సంగతి ఇంట్లో చెప్పి, ఆదివారం ఇద్దరినీ తీసుకెళ్లాను.

మా ఆవిడ లైఫ్ జాకెట్ పట్టీలు లాగి చూసుకుని ఎక్కింది. ఇంజను ఇంకా వేయలేదు. "నాన్నా, జెల్లీ చేప" అంటూ అమ్మాయి అంచు మీదికి వంగింది. మా ఆవిడ ఒక్క ఉదుటున లేచి దాని గౌను పట్టుకుంది. ఇద్దరి బరువూ ఒకే పక్కకు చేరడంతో పడవ ఒరిగి, నీళ్లు లోపలికి చిమ్మాయి. ఎవరూ పడలేదు. ఆమె దిగి, అమ్మాయిని దించింది.

కారులో అంది: "మీ క్యాన్లకు పిల్లలు లేరు కదండీ."

ఉన్న ఒక్క ప్రయత్నమూ పోయిందనుకున్నాను. ఇంటి గేటు దగ్గర ఆమే మళ్లీ అంది: "ఇవాళ్టిది లెక్కలోకి రాదు. ఇంజనే వేయలేదుగా. ఆ నీలంది చూపించండి, తాడు విప్పకుండా."

తర్వాతి ఆదివారం ముగ్గురం తడ దాటి సరస్సు ఒడ్డుకు వెళ్లాం. రాటకు కట్టిన నీలి పడవలో ఆమె ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచింది. అమ్మాయిని అంచు మీదికి వంగమంది. తాను ఉదుటున లేచి వెళ్లి పట్టుకుంది. మళ్లీ అదే చేయించింది. పడవ ఆ పక్కకు కాస్త దిగి తేలింది, అంతే.

"శబ్దం ఎక్కువక్కా దీనికి. ముందే చెప్తుండా," అన్నాడు దాని యజమాని.

"ఇంట్లో ఇద్దరున్నారు, నాకు అలవాటే," అని ఆమె కూర్చుంది. "తాడు విప్పన్నా."

నెలగా ఆ మాట కోసమే ఎదురుచూసిన నేను, గాలి ఎటునుంచి వీస్తోందోనని మళ్లీ చూశాను. సరస్సు మీద చిన్న అలలు లేస్తున్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పాలో వద్దో తేలకముందే ఇంజను అందుకుంది. మొదటి అల అడుగున దబ్బుమంది. ఆమె అమ్మాయి గౌను బిగించి పట్టుకుంది. వెనక్కి తిప్పమనలేదు.